అన్నం పెట్టిన చేయి ఎవరిది?

మన ఊళ్లలో ఈ మధ్య ఒక మాట పదే పదే వినబడుతోంది. కువైట్‌లో ఏళ్ల తరబడి కష్టపడి పీలేరు వైపు పల్లెలకు తిరిగివచ్చినవారు, దుబాయ్ చూసివచ్చిన తిరుపతి వర్తకులు, చైనాలో వైద్యవిద్య పూర్తిచేసుకొని వచ్చిన చిత్తూరు యువకులు, వియత్నాం విహారయాత్ర ముగించుకొని వచ్చిన విశ్రాంత ఉద్యోగులు, అందరూ మొదట చెప్పేది అక్కడి మనుషుల మంచితనం గురించే. దారి తప్పితే వెంట నడిచి బసదాకా దిగబెట్టారని, భాష రాకపోయినా కూర్చోబెట్టి టీ ఇచ్చారని, పండగనాడు తమతోపాటు వడ్డించి తినమన్నారని కళ్లు చెమర్చి చెబుతారు. వింటున్నంతసేపూ మన మనసూ ఆర్ద్రమవుతుంది. కానీ చివరికి వచ్చేసరికి ఒక తీర్పు వెలువడుతుంది: “అక్కడ ఎవడూ నోరెత్తడానికి లేదు. అందుకే అంత బాగుంది. మనకూ అలాంటి పాలకుడు ఒక్కడు రావాలి!” విన్నవారు తలలూపుతారు. కాదనేవారు కనిపించరు. మన సామూహిక అంతరాత్మకు పట్టిన రుగ్మత ఆ తలూపడంలోనే ఉంది.

ఆ జ్ఞాపకాలు అబద్ధాలని ఎవరనగలరు? నియంతృత్వం కింద నలిగే దేశాలలో కూడా తల్లులు తల్లులుగానే ఉంటారు. పరదేశి ఆకలి గుర్తుపట్టే కళ్లు అక్కడా ఉంటాయి. స్వేచ్ఛ కోల్పోయిన ప్రజ కరుణను కోల్పోలేదంటే అది మానవజాతికే గర్వకారణం. ప్రశ్న అది కాదు. ఆ కరుణకు కీర్తి ఎవరి ఖాతాలో పడుతోంది? అన్నం పెట్టింది ఒక గృహిణి. ఆదరించింది ఒక దుకాణదారు. దారి చూపింది ఒక విద్యార్థి. తిరిగివచ్చి మనం కీర్తించేది మాత్రం వాళ్ల నోళ్లకు తాళం వేసిన ప్రభువును! పెట్టిన చేతికి చెందవలసిన కృతజ్ఞతను ఆ చేతికి సంకెల తొడిగినవాడికి సమర్పించడం ఏ ధర్మం? ఏ నీతిశాస్త్రం దీన్ని కృతజ్ఞత అంటుంది?

పీలేరు దగ్గరి ఒక పల్లెలో, కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన ఒక తల్లి మాట నా చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. పశువుల కొట్టం పక్కన కొత్తగా కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఆమెది. ఆ ఇంటి ఇటుకలన్నీ ఆమె పరాయి వంటింట్లో తోమిన గిన్నెల సంపాదనే. యజమాని తల్లిని గురించి అడిగితే ఆమె ముఖం వికసించింది. “ముసలామె బంగారం అన్నా. నాకు పెట్టకుండా ఒక పూటన్నా తినలేదు. నాకు జరమొస్తే రాత్రంతా పక్కనే కూచునింది.” మరి పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండేదని అడిగాను. “ఆమె కొడుకు బీరువాలో. పోతానంటే ఇచ్చేవాడు కాదు. ఆమె చేతిలో ఏముండాది? ఆమెకే గడప దాటాలంటే కొడుకు సెలవియ్యాల.” ఆ ఇంటి ప్రేమను ఆమె మరవలేదు, ఆ ఇంటి తాళాన్నీ మరవలేదు. ఒకదానితో మరొకదాన్ని కప్పిపుచ్చలేదు. పదో తరగతి మెట్టు ఎక్కని ఆమెకు సాధ్యమైన ఈ వివేకం పట్టాలు పుచ్చుకున్న మనకెందుకు సాధ్యం కావడం లేదు?

కార్మికుడి వీసాను, ఉద్యోగాన్ని, తిరుగు ప్రయాణాన్ని యజమాని దయకు ముడిపెట్టే కఫాలా పద్ధతి కువైట్ వంటి గల్ఫ్ దేశాలలో దశాబ్దాలుగా సాగుతోంది. మన రాయలసీమ పల్లెలకు దాని బరువు తెలియనిది కాదు. 2024 మే నెలలో కువైట్ ఎమీర్ అక్కడి ఎన్నికైన శాసనసభను రద్దుచేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్లకు మించని కాలం నిలిపివేస్తున్నట్టు ప్రకటించాడు. మన బిడ్డలకు కూడు పెట్టిన దేశంలో ప్రజల వాణి ఆగిపోయింది! ఆ వార్త మన రచ్చబండల మీద ఎంతసేపు నిలిచింది? దినారు ధర ఎంతుందని రోజూ అడిగే మనం, మన వాళ్లకు అన్నం పెట్టిన ఆ ప్రజల గతి ఏమిటని ఒక్కసారైనా అడిగామా? కొడుకు పంపిన డబ్బు లెక్కపెట్టుకున్నాం. కొడుకును ఆదరించిన మనుషుల కష్టాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

ఈ ధర్మసంకటంలో మహానుభావులు కూడా చిక్కుకున్నారు. దాన్నుంచి ఎలా బయటపడాలో చూపినవాడు మన గడ్డ మీద నడిచినవాడే. 1919 ఫిబ్రవరి చివర రవీంద్రనాథ ఠాకూర్ మదనపల్లెకు వచ్చాడు. అనీ బెసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నాడు. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అప్పుడక్కడ ప్రిన్సిపాల్. ఒక సాయంకాలపు గోష్ఠిలో కవి ‘జనగణమన’ పాడితే విద్యార్థులు వంతపాడారు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ బాణీని స్వరలిపిలో నిలిపింది. ఫిబ్రవరి 28న ఆ గీతానికి ఆంగ్లరూపం మదనపల్లెలోనే పుట్టింది. ఆ ఆతిథ్యం ఏ కాలంలో జరిగింది? విచారణ లేకుండా మనుషుల్ని చెరలో పెట్టే రౌలట్ చట్టం సిద్ధమవుతున్న కాలంలో. ఆ కళాశాల వ్యవస్థాపకురాలినే రెండేళ్ల ముందు, 1917లో, ప్రభుత్వం నిర్బంధించింది. కవి మదనపల్లె విడిచిన ఆరు వారాలకు జలియన్‌వాలాబాగ్‌లో తుపాకులు పేలాయి. మే నెలాఖరున ఆయన బ్రిటిష్ చక్రవర్తి ఇచ్చిన ‘సర్’ బిరుదును విసర్జించాడు. మదనపల్లె ఆయనకు పెట్టిన అన్నం చక్రవర్తి పెట్టిన అన్నం కాదు. పరపాలనలో ఉన్న ప్రజ తన కడుపు కట్టుకొని పెట్టిన అన్నం. ఆ భేదం ఆయనకు తెలుసు.

తెలిసినవాడు కూడా ఒకసారి తడబడ్డాడు. 1925 చివర ఇటలీ నియంత ముస్సోలినీ శాంతినికేతనానికి ఇటలీ గ్రంథాలనూ ఫార్మికీ, టూచ్చీ అనే ఇద్దరు పండితులనూ కానుకగా పంపాడు. మరుసటి ఏడాది మే నెలలో కవి ఆ ప్రభుత్వపు అతిథిగా ఇటలీలో అడుగుపెట్టాడు. స్వాగతాలు, సన్మానాలు, నాటక ప్రదర్శనలు, నియంతతో ముఖాముఖి సమావేశాలు, ఏ లోటూ లేదు. జనం నిజంగానే ఆయనను ప్రేమించారు. మర్యాదకు ఆయన అన్న ప్రతి మంచి మాటనూ అక్కడి పత్రికలు ఫాసిజానికి ప్రశంసాపత్రంగా మార్చి అచ్చువేశాయి. జనం చూపిన ప్రేమ ప్రభుత్వం చేతిలో ప్రచారమైపోయింది! స్విట్జర్లండ్ చేరాక ఫ్రెంచి రచయిత రోమా రోలా ఆయన కళ్లు తెరిపించాడు. ఇల్లు విడిచి పారిపోయి వచ్చిన ఇటలీ ప్రవాసుల నోట ఆయన హింసల గాథలు విన్నాడు. విని ఊరుకున్నాడా? తిన్న అన్నం అడ్డువచ్చిందని మౌనం పాటించాడా? తన మిత్రుడు ఆండ్రూస్‌కు రాసిన సుదీర్ఘ లేఖలో ఫాసిస్టు పద్ధతులను ఖండించాడు. 1926 ఆగస్టు 5న ‘మాంచెస్టర్ గార్డియన్’ దాన్ని ప్రచురించింది. నిన్నటిదాకా పూలమాలలు వేసిన పత్రికలే ఆయన మీద దుమ్మెత్తిపోశాయి. ఆయన భరించాడు.

ఆ పాఠం నాలుగేళ్ల తరువాత మాస్కోలో ఫలించింది. 1930 సెప్టెంబరులో రష్యా వెళ్లిన కవి అక్కడి పేదలకు అక్షరాలు అందుతున్న తీరుకు పరవశించాడు. ఆ పరవశాన్ని తన లేఖలలో మనసారా చాటాడు. వీడ్కోలు వేళ ‘ఇజ్వెస్తియా’ పత్రికతో మాట్లాడుతూ మాత్రం, భిన్నాభిప్రాయాన్ని బలప్రయోగంతో అణచివేయడం, ప్రత్యర్థుల మీద ద్వేషాన్ని నూరిపోయడం మీ ఆదర్శానికే కీడు చేస్తాయని ఆతిథేయుల ముఖం మీదే హెచ్చరించాడు. ఆ సంభాషణ రష్యాలో అచ్చయింది ఎప్పుడు? 1988లో! సత్యం చెప్పిన అతిథి మాటను ప్రభుత్వం 58 ఏళ్లు చీకటిలో ఉంచింది. అక్కడి విద్యాయజ్ఞాన్ని మెచ్చుకున్నదీ ఆయనే, అక్కడి భయాన్ని ఎత్తిచూపినదీ ఆయనే. మెప్పు నిజం కనుకనే ఆ హెచ్చరికకు అధికారం వచ్చింది. యాత్రికుడి శీలమంటే ఇది.

“ఉప్పు తిన్న ఇంటిని విమర్శించడమా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమా?” అని మనలో కొందరు నొచ్చుకుంటారు. ఆ సామెత ద్రోహిని ఉద్దేశించింది. ఇంటివాళ్ల కీడు కోరి వాసాలు లెక్కపెట్టేవాడు ద్రోహి. ఆ వాసాలు విరిగి ఇంటివాళ్ల నెత్తిన పడుతున్నా, భోజనం బాగుందని మాత్రమే చెప్పి లేచిపోయేవాణ్ణి ఏమనాలి? అతను చేసింది అంతకన్నా చిన్న ద్రోహమా? అక్కడివాళ్లు మాట్లాడలేరు. మాట్లాడగలిగినవాడు, తిరిగి విమానమెక్కి స్వేచ్ఛాభూమికి చేరగలిగినవాడు అతిథి ఒక్కడే. వాళ్ల గొంతు కావలసినవాడు వాళ్ల మౌనానికి కాపలాదారు అయితే, తిన్న ప్రతి ముద్దా ఋణంగానే మిగిలిపోతుంది.

మన పూర్వులు ఈ ఋణం ఎరుగనివారా? ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంగ్లీషువారి కొలువు చేసినవాడే. 1830 మే 18న బయలుదేరి, తిరుపతి మీదుగా కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు దాటి కాశీ వెళ్లి, మరుసటి ఏడాది సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయో, ఏ సత్రం వసతిగా ఉంటుందో, ఏ ఊళ్లో ఏమి దొరుకుతుందో మిత్రునికి రాసిన ఉత్తరాలలో శ్రద్ధగా పొందుపరచాడు. శ్రీశైల యాత్రికుల వద్ద కందనూరు (కర్నూలు) నవాబు వసూలు చేసే సుంకాలనూ విడిచిపెట్టలేదు. దారిలో దాహం తీర్చిన ఊళ్లను ఒక చోట, దారికి అడ్డంపడి దోచుకున్న అధికారాన్ని మరో చోట, దేని లెక్క దానికి రాశాడు. 1838లో అచ్చయిన ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ మన భాషలో యాత్రికుని సత్యనిష్ఠకు తొలినాటి నిదర్శనం. రెండు శతాబ్దాల తరువాత, చేతిలో కెమెరా పట్టుకొని తిరిగే మనకు ఆపాటి నిజాయితీ బరువైపోయిందా?

మన తిరుమల కొండ చరిత్రే చూద్దాం. ఆర్కాటు నవాబుకు ఆ ఆలయం ఆదాయ వనరు. 1801 నుంచి 1843 దాకా కుంఫిణీ ప్రభుత్వానికీ ఆదాయ వనరే. భక్తుడు కొండెక్కితే వారి ఖజానా నిండేది. ఆ కాలంలోనే తరిగొండ పల్లెలో పుట్టిన ఒక బాలవితంతువు, సమాజం విధించిన ఆంక్షలను ధిక్కరించి కొండకు చేరింది. ఉత్సవాలకు వచ్చే బాటసారులకు నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. ఆ తరిగొండ వెంగమాంబకు సైన్యం లేదు, ఖజానా లేదు. దాతల నుంచి అడిగి తెచ్చిన గింజలున్నాయి, పరుల ఆకలి తనదిగా తలచే మనసుంది. నవాబుల సుంకాలు పోయాయి, కుంఫిణీ లెక్కల పుస్తకాలు బూజుపట్టాయి. నేడు కొండ మీద వేలాది మంది నిత్యం భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే ఉంది. ఏలినవారు ఎవరైనా, పెట్టినది ప్రజ! ఈ సత్యం మన ఊరి నడిబొడ్డున నిలిచి ఉండగా, ఇతర దేశాల ఆతిథ్యం వారి పాలకుల దయాభిక్ష అని మనమెలా నమ్మగలుగుతున్నాం?

అలాంటి పాలన మనకే ఎదురైన రోజులూ ఉన్నాయి. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి మొదలై 1977 మార్చి 21 దాకా ఈ దేశం కూడా నోరెత్తరాని దేశమే. పత్రికల మీద సెన్సారు కత్తి వేలాడింది. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద వేలాది మంది చెరసాలల్లో మగ్గారు. బతికే హక్కు హరించినా కోర్టుకెక్కే దారి లేదని 1976 ఏప్రిల్ 28న సర్వోన్నత న్యాయస్థానమే తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులలో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. ఆ ఇరవై ఒక్క నెలలూ తిరుమలకు యాత్రికులు వస్తూనే ఉన్నారు. మనం లడ్డూ పంచుతూనే ఉన్నాం, సంగటి ముద్దలు వడ్డిస్తూనే ఉన్నాం. వచ్చిన విదేశీయుడు మన చిరునవ్వు చూసి, రైళ్లు వేళకు నడవడం చూసి, ఈ దేశం సుఖంగా ఉందని రాసుకొని పోతే మనకు న్యాయం జరిగినట్టా? చెరలో ఉన్న బిడ్డ కోసం ఏడ్చే తల్లికి న్యాయం జరిగినట్టా? నాడు మన గురించి ఏ నిజం చెప్పాలని లోకాన్ని కోరుకున్నామో, నేడు ఇతరుల గురించి ఆ నిజం చెప్పడానికి మనమెందుకు వెనకాడుతున్నాం?

ఇంకా చేదైన ప్రశ్న ఉంది. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరదేశం ఆ పాలనను తిరస్కరించింది. కాని ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో 41 అదే పాలక పక్షానికి దక్కాయి. నంద్యాల ఒక్కటే భిన్నంగా పలికింది. చిత్తూరు, తిరుపతి కూడా ఆ నలభై ఒకటిలోనివే. ఓటు ఎవరిష్టం వారిది. ఏ పార్టీనీ ఇక్కడ నిందించడం లేదు. కాని స్వేచ్ఛ పోయిన సంగతి మనల్ని అంతగా బాధించలేదనే నిజాన్ని మనం ఏనాడైనా ఏకాంతంలో ఒప్పుకున్నామా? మన ఇంటి అన్నం మనకు అందినంతవరకు పొరుగింటి గొంతు నొక్కినా సర్దుకుపోగలమని అప్పుడే తేలిపోలేదా? “అలాంటి పాలకుడు కావాలి” అనే నేటి కోరికకు వేరు అక్కడుంది.

ఆ వేరు ఇంకా లోతుకు పోతుంది. అది మన ఇళ్లలోనే ఉంది. గడపకు వచ్చినవాడి చొక్కా చూసి కుర్చీ వేయాలో, వసారాలో నేల చూపాలో నిర్ణయించేది మనమే కదా! కొన్ని పల్లెల హోటళ్లలో దళితుడికి వేరే గ్లాసు పెట్టిన చేయి ఏ నియంతది? సాక్షాత్తు భగవంతుని సన్నిధికి పోతూ, సిఫారసు లేఖ సంపాదించి, గంటల తరబడి వరుసలో నిలబడిన బీదవాణ్ణి దాటుకొని పోవడాన్ని ప్రతిష్ఠగా చెప్పుకునేది ఎవరు? సంపన్నులా? అధికారులా? అవకాశం దొరికితే మనలో ఎవరు వదులుకుంటారు? ఇంట్లో భార్య అభిప్రాయం చెబితే ఎదురుతిరగడమంటాం. కొడుకు ప్రశ్నిస్తే పొగరంటాం. పనిమనిషి సెలవడిగితే కృతఘ్నత అంటాం. మనుషుల్ని అంతస్తుల వారీగా తూచే మనసుకు నియంతృత్వం పరాయిదిగా తోచదు. ఇంటి పద్ధతే దేశపు పద్ధతి అయిందనిపిస్తుంది. విదేశంలో మనకు జరిగిన మర్యాద మనల్ని అంతగా మురిపించడానికి కారణమూ ఇదే. ఆదరించినవారి హృదయం కన్నా, ఆదరణ వల్ల మనకు దక్కిన పెద్దరికం మనకు ప్రియమైంది. పెద్దరికానికి దాసోహమైన కంటికి పీడితుడు ఎలా కనబడతాడు?

కాబట్టి సంస్కారం మొదలుకావలసింది మన నుంచే. చట్టాలు కావాలి, ఒప్పందాలు కావాలి, రాయబార కార్యాలయాలు మేలుకోవాలి. అవన్నీ అవసరమే. కాని శీలం లేనిచోట ఏ చట్టం నిలిచింది? విదేశం నుంచి తిరిగివచ్చినవారు తమ జ్ఞాపకాలను నిండుగా చెప్పాలి. పెట్టినవారి ప్రేమనూ, పెట్టినవారి భయాన్నీ కలిపి చెప్పాలి. అక్కడి మిత్రునికి కీడు తెచ్చే పేర్లు, ఆనవాళ్లు దాచిపెట్టాలి, సత్యాన్ని మాత్రం దాచకూడదు. వినేవారు “అన్నం ఎలా ఉంది?” అని అడిగిన నోటితోనే “వాళ్లు హాయిగా మాట్లాడగలుగుతున్నారా?” అనీ అడగాలి. ఉపాధ్యాయులు తరగతి గదిలో మదనపల్లెకు అతిథిగా వచ్చిన కవి గాథను జాతీయగీతం దగ్గరే ఆపకుండా, ఇటలీ లేఖ దాకా తీసుకుపోవాలి. గృహస్థులు తమ వాకిట నిలిచిన చెత్తబండి కార్మికుడికి, ఉత్తరాది నుంచి వచ్చి మన కట్టడాల మీద ఇటుకలు మోసే కూలీకి, కొండకు వచ్చిన పేద యాత్రికునికి ఒకే గ్లాసులో మంచినీళ్లివ్వాలి. సమభావంతో పెట్టడం తెలిసిన జాతి దొరతనానికి తలవంచదు. ఆతిథ్యం కూడా స్వాతంత్ర్య సాధనే అని అప్పుడు మన బిడ్డలకు తెలుస్తుంది.

ఇది జరిగే పనేనా అని నిరాశపడేవారికి ఒక్కటే సమాధానం. తరిగొండలో పుట్టిన ఒంటరి వితంతువు వల్ల జరిగింది. వీరాస్వామయ్య కలం వల్ల జరిగింది. ప్రపంచమంతా పూజించే కవి తన పొరపాటును లోకం ముందు దిద్దుకోవడం వల్ల జరిగింది. అయిదుగురిలో ఒక్క న్యాయమూర్తి కాదనడం వల్ల జరిగింది. పీలేరు పల్లెలో గిన్నెలు తోమి ఇల్లు కట్టుకున్న తల్లి నోట నేడూ జరుగుతోంది. వారిలో ఎవరూ కాలం కలిసిరావాలని కూర్చోలేదు. మనమూ కూర్చోరాదు. ఏడుకొండల నీడన పుట్టి, లోకానికంతా అన్నం పెట్టే ఊరి బిడ్డలమని చెప్పుకునే మనకు, లోకంలో అన్నం పెట్టే ప్రతి చేతి పక్షాన నిలిచే బాధ్యత పుట్టుకతోనే వచ్చింది. ఆ బాధ్యతను ఈ తరం మోయాలి. ఈ తరం తడబడితే వచ్చే తరం చేత మోయించాలి. పెట్టినవారి ఋణం పెట్టినవారికే తీర్చే రోజు దాకా ఈ మాటను ఇంటింటా అడుగుదాం, ఆపకుండా అడుగుదాం!